పరలోకం మీద నమ్మకం లేదు, చావు భయం మాత్రం వదలడం లేదు

పేరు, ఊరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు పంపిన సుదీర్ఘమైన ఉత్తరంలోని ముఖ్య విషయాలు ఇవి. ఆమెకు 42 ఏళ్లు, లెక్కలు బోధించే ఉపాధ్యాయురాలు. దేవుడు, ఆత్మ, పునర్జన్మ, స్వర్గనరకాలు వీటిలో దేన్నీ కాలేజీ రోజుల నుంచీ ఆమె నమ్మరు. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు, అవసరమైన చోట గట్టిగా వాదించారు కూడా. ఎనిమిది నెలల క్రితం ఆమె తండ్రి క్యాన్సర్‌తో ఆసుపత్రిలో కన్నుమూశారు. చివరి రెండు రాత్రులు ఆయనకు స్పృహ లేదు. గొంతులో గురగురమనే చప్పుడుతో ఆయన ఊపిరి తీస్తుంటే, మధ్యమధ్యలో అది ఆగిపోయి మళ్లీ మొదలవుతుంటే, మంచం పక్కన కూర్చుని ఈమె ఒక్కరే విన్నారు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లోంచి పోలేదని రాశారు.

ఆ తర్వాత రెండు నెలలకు అసలు సమస్య మొదలైంది. వారంలో రెండు మూడుసార్లు రాత్రి రెండు గంటల ప్రాంతంలో మెలకువ వస్తుంది. ‘నేనూ ఉండను, ఇంకెప్పటికీ ఉండను’ అన్న ఆలోచన ఒక్కసారిగా మీద పడుతుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి, ఊపిరి అందదు. ‘అంతులేని చీకట్లో పడిపోయి, అందులోంచి ఎన్నటికీ బయటికి రాలేనని తెలిసినట్టు ఉంటుంది’ అన్నది ఆమె సొంత వాక్యం. లేచి హాల్లో లైటు వేసుకుని, మర్నాటి పాఠం కోసం లెక్కలు చేస్తూ తెల్లవారేదాకా కూర్చుంటారు. భర్తకు నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పారు. ‘కాస్త దేవుడి మీద మనసు పెడితే నీ సొమ్మేం పోతుంది, ప్రశాంతంగా ఉంటుంది కదా’ అని ఆయన అంటున్నారు. తండ్రి పోయాక తల్లి వీరి దగ్గరే ఉంటున్నారు. రోజూ పడుకోబోయే ముందు ఆవిడ ‘మీ నాన్న మనల్ని చూస్తూనే ఉంటారు కదే?’ అని అడుగుతారు, ఈమె ఏదో పని ఉన్నట్టు గదిలోంచి బయటికి వెళ్లిపోతారు. ఆరేళ్ల పాప మొదట్లో ‘తాతయ్య ఎప్పుడొస్తాడు?’ అని అడిగేది, ఈ మధ్య ‘నువ్వు కూడా చచ్చిపోతావా అమ్మా?’ అని అడుగుతోంది. ‘ఇరవై ఏళ్లు అందరితోనూ వాదించిన నేను ఇప్పుడు భయపడుతున్నానంటే, నా నాస్తికత్వం ఇంతకాలం ఉత్త మాటలేనా? నమ్మకాన్ని బలవంతంగానైనా తెచ్చుకోవాలా? అమ్మకూ పాపకూ ఏం చెప్పాలి?’ అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

మీరు చావు భయం అని ఒకే పేరు పెట్టినదాంట్లో నాకు కనీసం నాలుగు వేర్వేరు బాధలు కనిపిస్తున్నాయి. నాన్నగారు లేరన్న దుఃఖం ఒకటి. ఆయన పోయిన తీరును కళ్లారా చూసినందువల్ల మిగిలిన బెదురు ఒకటి. మీరు ఒకనాటికి లేకుండా పోతారన్న భయం మూడోది. మీరు లేకపోతే పాప ఏమవుతుందన్న దిగులు నాలుగోది. వీటిలో మూడోదానికి మాత్రమే తర్కంతో పని ఉంది. మిగిలిన మూడూ తర్కానికి లొంగేవి కావు. మీరేమో చదువుకున్న వాదాలన్నీ తీసుకొచ్చి నాలుగింటి మీదా ఒకేసారి ప్రయోగిస్తున్నారు, అవి పనిచేయనప్పుడు మీ ఆలోచనా విధానమే తప్పేమో అనుకుంటున్నారు. ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

అంతకంటే ముందు, మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ కుంగదీస్తున్నట్టు కనిపించే సిగ్గు గురించి చెప్పాలి. దేవుణ్ణి నమ్మనివారు ధైర్యంగా ఉండాలని, భయపడితే ఓడిపోయినట్టేనని మీరు మీకు తెలియకుండానే ఒక నియమం పెట్టుకున్నారు. ఆ నియమానికి ఆధారం లేదు. 18వ శతాబ్దంలో స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ మరణశయ్య మీద ఉన్నప్పుడు, 1776 జూలైలో జేమ్స్ బాస్వెల్ అనే రచయిత పనిగట్టుకుని ఆయన్ని చూడడానికి వెళ్లాడు. పరలోకాన్ని నమ్మని మనిషి చివరి రోజుల్లోనైనా మెత్తబడ్డాడేమో తెలుసుకోవాలన్నది అతని కుతూహలం. హ్యూమ్ సరదాగా కబుర్లు చెప్పాడు, లేకుండా పోవడమన్న ఆలోచన తనను ఏమాత్రం కలవరపెట్టడం లేదన్నాడు. కలత చెంది వెనక్కి వచ్చింది విశ్వాసి అయిన బాస్వెలే. అదే కాలంలో బాస్వెల్ ఎంతగానో ఆరాధించిన ఆంగ్ల రచయిత శామ్యూల్ జాన్సన్ పరమ భక్తుడు, అయినా జీవితమంతా చావంటే వణికిపోయాడు. హ్యూమ్ అంత నిబ్బరంగా ఉన్నాడంటే ఆయన ఒప్పుకోలేదు కూడా. నమ్మకానికీ మరణభయానికీ ఉన్న సంబంధం ఆధునిక మనస్తత్వ శాస్త్ర అధ్యయనాల్లో కూడా నిలకడగా ఒకే తీరున కనబడదు. భయం శరీరానికి సంబంధించినది, మనుషులందరికీ సహజమైనది. పరలోకం ఉందా లేదా అన్నది ఆధారాలకు సంబంధించిన ప్రశ్న. రాత్రి రెండు గంటలకు మీ గుండె వేగంగా కొట్టుకున్నంత మాత్రాన పగలు మీరు చేసిన వాదన అబద్ధమైపోదు. హ్యూమ్ నిబ్బరాన్ని మెచ్చుకోండి, కానీ దాన్ని మీరు పాసవ్వాల్సిన పరీక్షగా పెట్టుకోకండి.

ఇప్పుడు ఆ చప్పుడు. మీ ఉత్తరంలో దీనికి రెండు వాక్యాలే కేటాయించారు గానీ, మిగిలిన నాలుగు పేజీలకూ మూలం అక్కడే ఉందని నా అనుమానం. మరణానికి కొద్ది గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందు, మనిషికి మింగే శక్తి, దగ్గే శక్తి పోతాయి. మామూలుగా మనం తెలియకుండానే మింగేసే లాలాజలం, స్రావాలు గొంతులో, శ్వాసనాళాల్లో నిలిచిపోతాయి. వాటి మీదుగా గాలి వెళ్లి వచ్చేటప్పుడు గురగురమనే చప్పుడు వస్తుంది. ఊపిరి కాసేపు ఆగి మళ్లీ మొదలవడానికి కారణం, శ్వాసను నడిపే మెదడు భాగం నెమ్మదించడం. స్పృహలో లేని మనిషికి సాధారణంగా ఈ చప్పుడు తెలియదనీ, దానివల్ల ఉక్కిరిబిక్కిరి అవుతున్న బాధ ఉండదనీ అవసాన దశలో రోగులకు సేవ చేసే వైద్యులు చెబుతారు. పక్కన కూర్చుని వినేవారికే అది నరకం. అంటే ఆ రెండు రాత్రులూ ఆ గదిలో ఆ చప్పుడుకు నలిగిపోయింది బహుశా మీరు ఒక్కరే. ఇది తెలిసినంత మాత్రాన జ్ఞాపకం చెరిగిపోదు, కానీ ‘నాన్న అంత బాధపడ్డారు, రేపు నాకూ అంతే’ అన్న ముడిలో ఒక పోగు విడిపోతుంది.

మీకు అభ్యంతరం లేకపోతే నాన్నగారికి వైద్యం చేసిన డాక్టరును ఒకసారి కలిసి, ఆ రోజు అడగలేకపోయిన ప్రశ్నలు ఇప్పుడు అడగవచ్చు. ఎనిమిది నెలల తర్వాత వెళ్లడమేమిటని మొహమాటపడనక్కర్లేదు. అలా వచ్చే కుటుంబ సభ్యులు చాలామందే ఉంటారు. ‘ఇంకో మందు ఇచ్చి ఉంటే బాగుండేది’ లాంటి మాట ఏదైనా వినవలసి రావచ్చు, ఆ నష్టానికి సిద్ధపడి వెళ్లండి. ఊహించుకుని భయపడేదానికంటే విన్న నిజం సాధారణంగా చిన్నదే అవుతుందని నా అభిప్రాయం. మరణానికి ముందు కలిగే నొప్పి, ఆయాసం గురించిన భయం మాత్రం నిజమైన భయమే, దాన్ని తత్వంతో కొట్టిపారేయకూడదు. దానికి విరుగుడు ఉపశమన వైద్యం, అంటే జబ్బును నయం చేయడం కంటే నొప్పిని, ఆయాసాన్ని తగ్గించడం మీద దృష్టి పెట్టే వైద్యం. 1967లో బ్రిటిష్ వైద్యురాలు సిసిలీ సాండర్స్ అవసాన దశలోని రోగుల కోసం లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించినప్పటి నుంచి అది ఒక ప్రత్యేక వైద్య విభాగంగా ఎదిగింది. బాధను పూర్తిగా లేకుండా చేయలేకపోయినా చాలామంది విషయంలో చాలావరకు అదుపులో పెట్టగలుగుతోంది. మీకు అటువంటి పరిస్థితి వస్తే ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ఆరోగ్యంగా ఉన్నప్పుడే కాగితం మీద రాసి ఇంట్లోవారికి చెప్పి ఉంచడం ఈ భయాన్ని తగ్గించే పనుల్లో ఒకటి.

మూడో బాధ దగ్గరికి వస్తే, మీ వాక్యాన్నే మరోసారి చదవండి: ‘అంతులేని చీకట్లో పడిపోయి, అందులోంచి ఎన్నటికీ బయటికి రాలేనని తెలిసినట్టు ఉంటుంది.’ ఆ చీకటిని చూస్తున్నదెవరు? బయటికి రాలేనని తెలుసుకుంటున్నదెవరు? లేకుండా పోవడాన్ని ఊహించబోయి, మేలుకుని ఉన్న మిమ్మల్నే తీసుకెళ్లి ఆ చీకట్లో కూర్చోబెట్టారు. ఆత్మను నమ్మనివారి ఊహలోకి కూడా ఆత్మ ఇలా దొడ్డిదారిన వస్తుంది. మన చావును మనం ఊహించుకున్న ప్రతిసారీ నిజానికి ప్రేక్షకులుగా అక్కడే ఉండిపోతామని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1915లో అన్నది ఇందుకే. మీరు భయపడుతున్నది మరణానికి కాదు, శాశ్వతమైన ఒంటరి ఖైదుకు. మీ సొంత ఆలోచన ప్రకారమే అలాంటి ఖైదు లేదు, ఎందుకంటే ఖైదీ లేరు.

దీన్నే క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో పుట్టిన గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ ఇంకా సూటిగా చెప్పాడు. మనం ఉన్నప్పుడు మరణం లేదు, మరణం ఉన్నప్పుడు మనం లేము కాబట్టి ఆ రెండూ ఎన్నడూ ఎదురుపడవన్నాడు. ఆయన దారిలో నడిచిన రోమన్ కవి లుక్రీషియస్ మరో కోణం జోడించాడు. మనం పుట్టకముందు గడిచిన అనంతకాలం మనకు ఏ బాధా కలిగించలేదు, పోయిన తర్వాతి కాలం కూడా అలాంటిదే అన్నాడు. విశ్వం వయసు ఇప్పటి లెక్కల ప్రకారం సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. అందులో మీరు లేని కాలమంతటినీ మీరు ఏ ఇబ్బందీ లేకుండానే దాటి వచ్చారు. హ్యూమ్ కూడా బాస్వెల్‌తో ఈ లుక్రీషియస్ మాటే అన్నాడు.

అయితే మీరు లెక్కల మనిషి కాబట్టి ఇందులోని లొసుగు మీకు ఈపాటికే కనిపించి ఉంటుంది, దాచడం నా ఉద్దేశం కాదు. ఈ వాదం, చనిపోయి ఉండడం బాధాకరం కాదని నిరూపిస్తుంది గానీ, చనిపోవడం వల్ల నష్టం లేదని నిరూపించదు. అమెరికన్ తత్వవేత్త థామస్ నేగెల్ 1970లో ఈ మాటే అన్నాడు. మరణంలో చెడు ఏదైనా ఉంటే అది అనుభవించవలసిన బాధలో లేదు, అనుభవించగలిగి ఉండీ కోల్పోయే మంచిలో ఉంది. పాప పెద్దదై మీతో సమానంగా వాదించే రోజు చూడకుండా పోవడం నష్టమే. దాన్ని నష్టం కాదని ఒప్పించడానికి ఎవరైనా ప్రయత్నిస్తే వినకండి. అమరత్వం విసుగు పుట్టిస్తుంది కాబట్టి చావు మంచిదేనని వాదించినవారూ ఉన్నారు. నన్నడిగితే, ఇంకో రెండు వందల ఏళ్లు విసుగుపడే అవకాశమిస్తే కాదనను. కాబట్టి వాదాల వల్ల మీకు దక్కేది ఇంతే: చీకటి ఖైదు అన్న భీతి పోతుంది, కోల్పోతామన్న విచారం ఉంటుంది. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. భీతితో నిద్ర పట్టదు. విచారం ఉన్నా నిద్రపోవచ్చు, పొద్దున లేచి పని చేసుకోవచ్చు.

ఈ ఆలోచనలన్నీ పగటి వేళ చేయవలసినవి. రాత్రి రెండు గంటలకు మీకు వస్తున్నది చాలావరకు పానిక్ అటాక్‌లా ఉంది. అది ఒక్కసారిగా మొదలై, సాధారణంగా పది నిమిషాల్లోపు పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత దానంతట అదే తగ్గుతుంది. ఆ సమయంలో తర్కంతో దానితో పోట్లాడితే మెదడు దాన్ని మరింత పెద్ద ప్రమాదంగా తీసుకుంటుంది. లేచి కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, ఊపిరి బలవంతంగా పీల్చకుండా నెమ్మదిగా పొడుగ్గా వదులుతూ, ‘ఇది వచ్చింది, కాసేపటికి పోతుంది’ అని ఊరుకోండి. తెల్లవారేదాకా లెక్కలు చేయడం తాత్కాలికంగా సాయపడుతున్నట్టు అనిపించినా, మంచం మీద ఉండడం ప్రమాదమన్న సంగతిని శరీరానికి నేర్పుతోంది. కాస్త తేరుకోగానే మళ్లీ పడక మీదికి వెళ్లడం మంచిది.

ఆరు నెలలుగా వారానికి రెండు మూడుసార్లు వస్తున్నదాన్ని సొంతంగా నెట్టుకురావాలనుకోవడం పట్టుదలే గానీ తెలివి కాదు. ముందు మామూలు డాక్టరును కలవండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా గుండెదడ, చెమటలు, నిద్రలేమి రావచ్చు, అది రక్తపరీక్షలో తేలిపోతుంది. అది కాకపోతే సైకాలజిస్టు దగ్గర కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (భయాన్ని పెంచే ఆలోచనలను, అలవాట్లను మాటల ద్వారా సరిచేసుకునే పద్ధతి) తీసుకోవచ్చు. పానిక్ అటాక్‌లకు బాగా పనిచేస్తుందని నిర్ధారణ అయిన చికిత్స అది. అవసరమైతే మానసిక వైద్యులు మందులూ ఇస్తారు. కొందరు కౌన్సెలర్లు మీ నమ్మకాలనే జబ్బుగా చూసి దేవుడి వైపు తిప్పే ప్రయత్నం చేయవచ్చు. మొదటి సమావేశంలోనే ‘నా ఆలోచనలు మార్చడానికి కాదు, ఈ భయంతో బతకడం నేర్చుకోవడానికి వచ్చాను’ అని చెప్పండి. అది వినలేని మనిషైతే ఇంకొకరిని వెతుక్కోండి.

బలవంతంగానైనా నమ్మాలా అని అడిగారు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పాస్కల్, నమ్మకం లేనివారు నమ్మినట్టే నడుచుకుంటూ పోతే మెల్లగా నమ్మకం కుదురుతుందని సలహా ఇచ్చాడు. కొందరి విషయంలో అది జరిగి ఉండవచ్చు, అలా ఊరట పొందినవారిని నేను తక్కువ చేయను. కానీ మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ప్రశాంతత కోసం తెచ్చుకున్న నమ్మకం అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు మీ చేతుల్లో నిలవదు. దాన్ని ఎందుకు తెచ్చుకున్నారో మీకు గుర్తుంటుంది. అప్పుడు భయానికి తోడు, మిమ్మల్ని మీరు మోసం చేసుకున్నారన్న బాధ కూడా మొదలవుతుంది. ఎప్పుడైనా మీ ఆలోచన నిజంగానే మారితే మారనివ్వండి, దాన్ని ఓటమిగా లెక్కపెట్టకండి. భయం మాత్రం అందుకు తగిన కారణం కాదు. మరణంతో అంతా అయిపోతుందని చెప్పినవారు మన దగ్గర ప్రాచీన భౌతికవాదులైన చార్వాకుల కాలం నుంచీ ఉన్నారు. వారి గ్రంథాలు దాదాపుగా దక్కలేదు, వారి మాటలు చాలావరకు వారిని ఖండించినవారి పుస్తకాల్లోనే మిగిలాయి. అందుకే ‘ఉన్నంతకాలం సుఖంగా ఉండు’ అన్న ఎత్తిపొడుపు మనకు చేరింది గానీ, తండ్రి పోయిన మనిషితో వారు ఏం మాట్లాడేవారో చేరలేదు. ఆ లోటు మీలాంటివారికి తెలుస్తూనే ఉంటుంది.

అమ్మగారి విషయంలో మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి. ‘అవునమ్మా, చూస్తూనే ఉంటారు’ అనవచ్చు. ఒక్క మాటతో ఆవిడకు నిద్ర పడుతుంది. అందులో మహాపాపమేమీ లేదు, కానీ రోజూ రాత్రి చెప్పవలసిన అబద్ధం కొన్నాళ్లకు మీకు ఆవిడ గదిలోకి వెళ్లాలంటేనే బరువయ్యేలా చేస్తుంది. ‘అలాంటిదేమీ లేదమ్మా’ అనవచ్చు. అది నిజాయితీ అనిపించుకుంటుందేమో గానీ, ఆవిడ మిమ్మల్ని అడిగింది విశ్వం గురించి కాదు కాబట్టి ఆ జవాబు అనవసరమైన క్రూరత్వం అవుతుంది. ఇప్పుడు చేస్తున్నట్టు లేచి వెళ్లిపోవచ్చు. నా దృష్టిలో అన్నిటికంటే నష్టం కలిగించేది అదే. మీ నాస్తికత్వం ఆవిడకు ఎప్పటి నుంచో తెలుసు, అయినా మిమ్మల్నే అడుగుతున్నారంటే సమాధానం కోసం కాక తోడు కోసం అడుగుతున్నారు. మీరేమో సరిగ్గా ఆ క్షణంలోనే గది విడిచి వెళ్తున్నారు.

నాకు నచ్చే దారి ఇంకొకటి. మంచం మీద ఆవిడ పక్కన కూర్చుని, ‘నాకు ఆ నమ్మకం లేదని నీకు తెలుసు కదమ్మా, కానీ నాన్న గుర్తురాని రోజు నాకు ఒక్కటి కూడా లేదు’ అని, ‘ఇవాళ నీకు నాన్న ఎందుకు గుర్తొచ్చారు?’ అని అడగండి. మొదటి రాత్రి ఆవిడ ఏడవవచ్చు, కోప్పడవచ్చు కూడా. కొన్నాళ్లకు ఆ ప్రశ్న నాన్నగారి గురించి మాట్లాడుకునే వేళగా మారే అవకాశం ఉంది. నిజానికి ఆవిడకు ఎంత అవసరమో మీకూ అంతే అవసరం. ఎనిమిది నెలలుగా మీరు చావు గురించి ఎంతో ఆలోచించారు గానీ, నాన్నగారి కోసం ఏడ్చినట్టు నాలుగు పేజీల్లో ఎక్కడా రాయలేదు. ఆయన ఏం చదివేవారో, దేనికి కోప్పడేవారో, మీకు లెక్కలు ఎవరు నేర్పారో ఒక్క ముక్క లేదు. మళ్లీ కలుస్తామన్న ఆశ లేనివారికి దుఃఖం పెద్దదే. దాన్ని పడకుండా తప్పించుకుంటే అది ఏదో ఒక రూపంలో రాత్రిపూట వస్తుంది. ఏడాది దాటినా ఆ దుఃఖం ఏమాత్రం సడలక రోజువారీ జీవితాన్ని నడవనివ్వకపోతే అది కూడా వైద్యులకు చెప్పవలసిన విషయమే. ఇప్పుడున్నది మాత్రం నయం చేసుకోవలసిన లోపం కాదు.

పాప అడిగే ప్రశ్నలు మీకు భయంకరంగా అనిపిస్తున్నాయి గానీ, ఆ వయసుకు అవి సహజమైనవి. మరణం తిరిగిరానిదని, శరీరం పనులన్నీ ఆగిపోతాయని, అది అందరికీ వస్తుందని చాలామంది పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ల మధ్య అర్థమవుతుందని స్పీస్, బ్రెంట్ అనే పరిశోధకులు 1984లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను సమీక్షించి తేల్చారు. ‘ఎప్పుడొస్తాడు’ నుంచి ‘నువ్వూ చచ్చిపోతావా’ దాకా మీ పాప సరిగ్గా ఆ మెట్లే ఎక్కుతోంది. తాతయ్య నిద్రపోయాడని, దూరం వెళ్లాడని చెప్పవద్దు. నిద్రంటే భయపడే పిల్లలు, మీరు ఊరెళ్తే రారేమోనని ఏడ్చే పిల్లలు అలా తయారవుతారు. ‘తాతయ్య శరీరం పనిచేయడం ఆగిపోయింది, ఇక రాడు, అందుకే మనందరికీ ఏడుపొస్తుంది’ అంటే చాలు. ‘నువ్వూ చచ్చిపోతావా’ అన్నప్పుడు, ‘ఎప్పుడో ఒకప్పుడు అందరూ చనిపోతారు, నేనూ అంతే, కానీ నువ్వు బాగా పెద్దయ్యేదాకా ఉంటాననే అనుకుంటున్నాను, నాకేమైనా అయినా నిన్ను చూసుకోవడానికి నాన్న ఉన్నారు’ అనండి. ఆ వయసు పిల్లలకు కావలసింది చివరి మాటే. ‘నేనెప్పటికీ చావను’ అని మాటివ్వకండి. అమ్మమ్మ పాపతో తాతయ్య దేవుడి దగ్గర ఉన్నాడంటే కంగారుపడి ఖండించకండి. ‘అమ్మమ్మ అలా నమ్ముతుంది, నేను అలా అనుకోను’ అని మామూలు గొంతుతో చెబితే, ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు వేర్వేరుగా అనుకోవచ్చని పాప ఇబ్బంది లేకుండానే అర్థం చేసుకుంటుంది.

మీరు లేకపోతే పాప సంగతేమిటన్న నాలుగో దిగులులో సగం పనులతో తీరేదే. వీలునామా, బీమా, కాగితాలు ఎక్కడున్నాయో భర్తకు చెప్పడం, అవయవదానం చేయాలనుకుంటే ఆ మాట ఇంట్లో స్పష్టంగా చెప్పి నమోదు చేసుకోవడం, ఇవన్నీ ఒక ఆదివారం కూర్చుంటే అయ్యే పనులు. మిగిలిన సగానికి ఎపిక్యూరస్ సంగతే మరోసారి చెప్పాలనిపిస్తోంది. మరణం మనకేమీ కాదన్న ఆ మనిషే, తనకంటే ముందు చనిపోయిన మిత్రుడు మెట్రోడోరస్ పిల్లలను చూసుకోవలసిన తీరు గురించి వీలునామాలో వివరంగా రాశాడు. తన పుట్టినరోజు జరుపుతూ ఉండాలని కూడా రాశాడు. చావుతో అంతా అయిపోయేటట్టయితే ఈ ఏర్పాట్లెందుకని తర్వాతి కాలంలో రోమన్ వక్త, రచయిత సిసెరో ఎద్దేవా చేశాడు. పుట్టినరోజు విషయంలో సిసెరోది కొంత న్యాయమే కావచ్చు, పిల్లల విషయంలో కాదు. ఆ పిల్లలు తిన్నారా లేదా అన్నది ఎపిక్యూరస్‌కు తెలిసే అవకాశం లేదు, అయినా వారు తినాలని ఆయన కోరుకున్నాడు. మీరు లేని ప్రపంచంలో జరిగే మంచి మీకు తెలియకపోయినా మీకు ముఖ్యమే కావచ్చు, అందుకు పరలోకంతో పనిలేదు. మీ తరగతిలో కూర్చునే పిల్లల విషయంలో మీరు రోజూ చేస్తున్నది కూడా అదే.

చివరగా మీ భర్త. ఆయన మాటలకు మీరు నొచ్చుకున్నట్టు తెలుస్తోంది గానీ, ఆయనకు తెలిసింది నిద్రలేమి ఒక్కటే, తెలిసినదానికి తనకు తోచిన మందు చెబుతున్నారు. ఆయనకు మొత్తం చెప్పకుండా ఇలాగే ఉండిపోవచ్చు. అప్పుడు దేవుడి మీద వాదనలు జరుగుతాయి, అసలు విషయం పక్కకు పోతుంది. చెబితే మొదట మళ్లీ అదే సలహా వినవలసి రావచ్చు. అయినా చెప్పడమే మేలని నా ఉద్దేశం. అర్ధరాత్రి కాకుండా పగటిపూట, పాప బడికి వెళ్లినప్పుడు చెప్పండి. నోటితో చెప్పడం కష్టమైతే నాకు రాసిన ఉత్తరమే చదవమని ఇవ్వండి. మీకు ఏం కావాలో కూడా కచ్చితంగా అడగండి. రెండు గంటలకు మీరు లేచినప్పుడు ఆయన్ని లేపుతారని, సలహా వద్దని, పది నిమిషాలు పక్కన కూర్చుంటే చాలని చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కూడా ఆయన్ని వెంట తీసుకెళ్లండి. ఆ పది నిమిషాల్లో మీరు ఎలా ఉంటారో మీకంటే ఆయనే బాగా చెప్పగలరు.